మొదటి వరస గొడుగులు

ఆ ఏడు మే నెలాఖరున గొడుగుల కోసం ఇసుకలో గుంటలు తవ్వుతుండగా మా అత్త పార వదిలేసి, ఉన్నచోటనే కూలబడి, మోకాలు రుద్దుకుంటూ, "నాకిదే ఆఖరి వేసవి" అంది. బాధపడి అన్న మాట కాదు. కాఫీ పొడి అయిపోయింది, తెప్పించాలి అన్నట్టుగా అంది. నేను పార అందుకుని ఆ గుంట పూర్తి చేశాను. పక్కది కూడా తవ్వాను. ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందనుకోలేదు.

మా నాన్న తోడబుట్టిన ఈ జీతా అత్తకు పిల్లలు లేరు. మామయ్య దుయీల్యో పోయిన దగ్గర్నుంచి బాన్యో ఒక్కతే నడుపుతోంది. మా కాసల్‌మారే ఊరి సముద్రపు ఒడ్డు పొడుగునా బాన్యోలే. తలా ఒక ఇసుక ముక్క, అందులో వరసలుగా గొడుగులు, పడక కుర్చీలు, వెనకాల బట్టలు మార్చుకునే చెక్క గదులు, ఒక కాఫీ బల్ల. ఎవరి గొడుగుల రంగు వాళ్ళది. మాది ఆకుపచ్చ మీద తెల్ల చార. మా ఇల్లు కొండ మీద మోంతెల్లాలో. చిన్నప్పుడు బడి మూసిన మర్నాడే బస్సెక్కి కిందికి దిగితే, సెప్టెంబరు వానల దాకా నేను అత్త దగ్గరే. ఇప్పుడు బడి చదువు కూడా అయిపోయింది. ఏ కుటుంబం ఏ గొడుగు కింద కూర్చుంటుందో, ఎవరి కుర్చీ ఎంత వాల్చాలో, ఎవరి కాఫీలో చక్కెర వెయ్యకూడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

నీళ్ళకు ఎదురుగా ఉండే మొదటి వరస తాతల నాటి నుంచి అవే కుటుంబాలది. ఒక ఇంట్లో మనుషులు అయిపోతే తప్ప అక్కడ చోటు ఖాళీ కాదు. ఆ చోటు కోసం చూసి చూసి రెండో వరసలో వాళ్ళు ముసలివాళ్ళయిపోతుంటారు. ఆ వరసకు ఇంకో మర్యాద కూడా ఉంది. జూన్‌లో గొడుగులన్నీ మేమే పాతుతాం గానీ, మొదటి వరస గొడుగులు మూసే ఉంచుతాం. ఆ ఇంటివాళ్ళు వచ్చి, తొలిరోజు వాళ్ళ చేత్తో వాళ్ళే తెరుచుకోవాలి. అప్పటిదాకా అత్త కూడా వాటి మీద చెయ్యి వెయ్యదు.

ఇవన్నీ అత్త నాకు ఒకచోట కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కన ఉండి చూసి నేర్చుకున్నాను. కాబట్టి ఆమె తర్వాత ఎవరు అంటే నేనే అనుకున్నాను. ఆ మాట పైకి అన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

జూన్ మొదట్లో మిర్నా వచ్చింది. మామయ్య తమ్ముడి కూతురు, బొలోన్యాలో పెరిగింది. మామయ్య పోయినప్పుడు నల్లబట్టల్లో ఒకసారి చూశాను, అంతే. రైలు దిగిన మనిషి అందరిలా ఒడ్డు రోడ్డు మీదుగా రాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, లంగా నడుములో దోపుకుని, నీళ్ళ అంచునే నడుచుకుంటూ, కనిపించిన ప్రతి బాన్యోలోనూ మా జీతా పెద్దమ్మది ఎక్కడ అని అడుగుతూ వచ్చింది. ఆమె మా దాకా వచ్చేసరికే జీతా వాళ్ళమ్మాయి వచ్చిందని ఒడ్డంతా తెలిసిపోయింది.

అత్త ఆమెను కావలించుకుని, వెనక్కి జరిగి, ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. "దేవుడా, దుయీల్యో ముక్కే" అంది. నా ముక్కు మా అమ్మది.

మర్నాడు అత్త మా ఇద్దరినీ పిలిచి, రేవు గోడ దగ్గర్నుంచి ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా ఒడ్డంతా నడిచి రమ్మంది. మిగతావాళ్ళు ఈ ఏడు ఏమేం కొత్తవి పెట్టారో చూసి చెప్పాలి. ప్రతి ఏడూ ఈ పని నాదే. నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని.

రేవు గోడ మీద వలలు ఆరేసి ఉన్నాయి. పిల్లులు వాటి చుట్టూ తిరుగుతున్నాయి. అక్కడి నుంచి మొదలుపెట్టాం. నేను గొడుగుల మధ్య దూరం చూస్తున్నాను, గదులకు వేసిన కొత్త రంగులు చూస్తున్నాను. మిర్నా మనుషుల దగ్గర ఆగిపోతోంది. మా పక్క బాన్యో ఓత్తావియో గారిది. ఆయనకూ అత్తకూ ఎప్పుడూ పడదు. మిర్నా ఆయన బల్ల దగ్గరే కూర్చుని ఆయన ఇచ్చిన నిమ్మ షర్బత్ తాగింది. సన్యాసినులు నడిపే పిల్లల విడిది దగ్గర, తెల్ల టోపీలు పెట్టుకుని నీళ్ళ ముందు వరసగా నిలబడ్డ పిల్లలతో కలిసి గెంతింది. నల్లరాళ్ళ దగ్గర పీతలు పట్టే ముసలాయన బుట్టలో చెయ్యి పెట్టి వేలు కరిపించుకుంది. నేను ఎండలో నిలబడి, ఆమె కబుర్లు అయ్యేదాకా వేచి ఉండి, మళ్ళీ ముందుకు నడిచాను. ఏటి మొగ దగ్గర ఎవరి బాన్యో కాని ఒడ్డు ఉంది. రెల్లు పొదలు, వరదకు కొట్టుకొచ్చిన దుంగలు. గొడుక్కి డబ్బు పెట్టలేనివాళ్ళు ఇంటి నుంచి దుప్పట్లు తెచ్చుకుని కర్రలకు కట్టుకుంటారు. పుచ్చకాయల్ని తడి ఇసుకలో పాతిపెట్టి, చల్లబడ్డాక తీసి కోసుకుంటారు. మిర్నా వాళ్ళ మధ్య కూర్చుని గడ్డం నిండా రసం కారుతుండగా ఒక పెద్ద ముక్క తింది. నాకూ ఇచ్చారు. వద్దన్నాను.

తిరిగొచ్చాక అత్త ముందు నన్ను అడిగింది. ఓత్తావియో గారు ఒక వరస ఎక్కువ వేశారని, కాలు చాపుకోను చోటు లేదని, పెద్ద హోటలు వాళ్ళు స్నానాల గొట్టాలకు వేడినీళ్ళు పెట్టించారని చెప్పాను. అత్త తలూపింది. తర్వాత మిర్నాను అడిగింది.

"అందరూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు పెద్దమ్మా. చర్చిలో ఉన్నట్టు. డబ్బులివ్వనివాళ్ళ దగ్గరే నవ్వులన్నీ ఉన్నాయి" అంది మిర్నా. "మనం కూడా పుచ్చకాయలు పాతిపెడదామా?"

అత్త నవ్వింది. ఆ వారమే నాచేతే పుచ్చకాయలు తెప్పించి నీళ్ళ అంచున పాతించింది. సాయంత్రం అవి కోసేటప్పుడు రెండో వరసవాళ్ళు, మూడో వరసవాళ్ళు, చివరికి మొదటి వరసవాళ్ళు కూడా లేచి వచ్చి గుండ్రంగా నిలబడ్డారు. ముక్కలు కోసింది నేనే. అందించింది మిర్నా. అందరూ ఆమెకే థాంక్స్ చెప్పారు.

జూన్ అలా గడిచింది, జూలై కూడా. తెల్లారగానే ఇసుక దంతెతో చదును చేసేది నేను. గదుల్లో ఇసుక ఊడ్చేది నేను. మిర్నా ఎండెక్కాక లేచి, జుట్టు ముడి వేసుకుంటూ వచ్చేది. పేర్లన్నీ తప్పుగా పిలిచేది. ఒకావిడ కుర్చీ తీసి ఇంకొకావిడకు వేసేది. ఎవరైనా విసుక్కుంటే, తన మతిమరుపు మీద తనే జోకు వేసి వాళ్ళనే నవ్వించేది. కొన్నాళ్ళకు వాళ్ళే తప్పు పేర్లతో ఒకరినొకరు పిలుచుకోవడం మొదలుపెట్టారు. నేను కాఫీ పట్టుకెళ్తే కప్పు అందుకుంటూ నా భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్ళు. "మిర్నా ఏదీ?"

రాత్రి అత్త పెట్టిన చేపల పులుసు సగం తిని లేచేదాన్ని. అత్త నా పళ్ళెం వైపు చూసేది కాదు. ఆమె కళ్ళు మిర్నా పళ్ళెం మీద ఉండేవి. పిల్ల ఇంకొంచెం రొట్టె ముంచుకుంటుందా, సరిపోయిందా అని.

ఆదివారం సాయంత్రాలు ఊరంతా స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఒడ్డు రోడ్డు మీద గన్నేరు చెట్ల కింద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తున్నారో చూసి మావాళ్ళు పెళ్ళిళ్ళూ, తగాదాలూ, ఆస్తుల పంపకాలూ తేల్చేసుకుంటారు. మామయ్య పోయాక అత్త ఎప్పుడూ నా చేతిలో చెయ్యి వేసి నడిచేది. పెద్దగా మాట్లాడేది కాదు. ఎదురొచ్చినవాళ్ళకు తలూపేది. వాళ్ళు ఆమెకు, ఆ తర్వాత నాకు తలూపేవాళ్ళు. వారమంతా నేను ఎదురుచూసేది దానికోసమే.

జూలైలో ఒక ఆదివారం గుమ్మం దిగగానే అత్త మిర్నా చెయ్యి పట్టుకుంది. మోకాలు నొప్పిగా ఉండి బరువంతా ఆమె మీద వేసింది. నేను రెండో పక్కకు వెళ్ళాను గానీ, రోడ్డు నిండా జనం, ముగ్గురం పక్కపక్కన పట్టలేదు. ఎదురుగా పిల్లల బండి తోసుకుంటూ ఎవరో వస్తే ఒకడుగు వెనక్కి వేశాను. తర్వాత మళ్ళీ ముందుకు రాలేదు. అత్త ఉన్ని శాలువా నా చేతిలో ఉంది. అది పట్టుకుని వాళ్ళ వెనకే నడిచాను. ముందు రెండు వీపులు, మధ్యలో కలిసిన చేతులు. సముద్రం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పొగాకు కొట్టు సిన్యోరా, అంటే ఆ కొట్టు అమ్మగారు, ఆగి, ఎవరమ్మా ఈ పిల్ల అని అడిగింది.

"మా అమ్మాయే. దుయీల్యో తమ్ముడి కూతురు. ఆ ముక్కు చూడు" అంది అత్త.

ఆవిడ ముక్కు చూసి మెచ్చుకుని, ఆ తర్వాత నన్ను చూసి బాగున్నావా నివెస్ అని పలకరించింది. నేను నోరు తెరిచేలోగా అత్తే జవాబు చెప్పింది.

"నివెస్‌కేం? రాయిలా ఉంటుంది."

మెచ్చుకోలుగానే అంది. మిర్నా వెనక్కి తిరిగి నాకేసి చూసి కన్ను గీటింది. ఐస్‌క్రీం కొట్టు దగ్గర నాకు ఇష్టమైన బాదం రకం అడిగి మరీ కొని తెచ్చింది. అది తింటూ నడవడం కన్నా కష్టమైన పని ఆ వేసవిలో నేను చెయ్యలేదు.

ఇంక ఎవరిస్తో అనే పెద్దాయన సంగతి చెప్పాలి. ఆయన ఎక్కడో లోపలి ఊళ్ళో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మొదటి వరసలో ఎడమ చివర గొడుగు ఆయనది, అంతకుముందు ఆయన తండ్రిది. భార్య ఆల్మా గారితో కలిసి ఏటా ఫెర్రగోస్తోకు, అంటే నడి ఆగస్టులో మరియమాత పండగకు, ముందు రోజు మధ్యాహ్నం రైలుబండిలో వచ్చేవారు. జూన్, జూలైలంతా ఆ గొడుగు మూసే ఉండేది. ఆల్మా గారు పోయాక కూడా ఆయన అదే రోజు, అదే బండికి వస్తున్నారు. గొడుగు తెరిచి, రెండు కుర్చీలూ వేయించుకుని, ఒకదాంట్లో కూర్చుంటారు. రెండో దాంట్లో పేపరు పెడతారు. ఎవరితోనూ మాట్లాడరు. ఎవరూ ఆయన్ను కదిలించరు. అది మా మర్యాద.

ఆ ఏడు ఫెర్రగోస్తో ముందు రోజు ఒడ్డు మీద అడుగు పెట్టను చోటు లేదు. నేను పొద్దున్నే ఊళ్ళోకి వెళ్ళి, కాఫీ బల్ల దగ్గర అమ్మడానికి రొట్టెలు, మాంసం కూరి వేయించిన ఆలివ్ కాయలు తీసుకుని తిరిగొచ్చాను. మెట్ల మీద నుంచే కనిపించింది. ఎడమ చివర గొడుగు తెరిచి ఉంది. దాని కింద ఎవరో తెలియని ఆడమనిషి చంటిపిల్లకు పాలిస్తూ కుర్చీలో వాలి ఉంది. ఆమె మిగతా పిల్లలు గొడుగు చుట్టూ ఇసుకంతా తవ్విపోస్తున్నారు. వాళ్ళతో పాటు మిర్నా.

"అది ఎవరిస్తో గారి గొడుగు" అన్నాను.

"ఆయన లేడుగా."

"మధ్యాహ్నం బండికి వస్తారు."

"వచ్చాక చూద్దాంలే నివెస్. చంటిది ఎండకు కందిపోయింది చూడు. రెణ్ణెల్ల నుంచి ఊరికే ముడుచుకుని ఉంది ఆ గొడుగు. పాపం, దానికి మాత్రం ఎండ చూడాలని ఉండదా?"

రొట్టెల బుట్ట బల్ల మీద పెట్టి, అత్తతో మెల్లగా, ఎవరిస్తో గారి గొడుగు మిర్నా తెరిచింది అని చెప్పాను. అత్త ముఖంలో రంగు మారింది. కాఫీ గిన్నె దింపేసి చేతికర్ర అందుకుంది. ఆ ముఖం చూసి నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

అత్త కర్ర ఊతంతో చెక్క బాట మీద సగం దూరం వెళ్ళిందో లేదో, బండి వచ్చిపోయిన కూత వినిపించింది. మా ఒడ్డుకు స్టేషను నాలుగడుగులే. కాసేపటికి ఎవరిస్తో గారు మెట్లు దిగి వచ్చారు. టోపీ, బూట్లు, చేతిలో తోలుసంచి. ఆయన్ను చూడగానే మొదటి వరసలో మాటలు ఆగిపోయాయి. సిన్యోరా ఎర్సీలియా అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన తన గొడుగు ముందుకొచ్చి నిలబడ్డారు. తెరిచి ఉన్న గొడుగును చూశారు. ఆల్మా గారి కుర్చీలో కూర్చున్న మనిషిని చూశారు. ఆమె భయపడి లేవబోయింది.

మిర్నా మోకాళ్ళ మీద ఉండే తలెత్తింది. "మీదేనా తాతగారూ ఈ గొడుగు? తెరిచింది నేను. తిడితే నన్ను తిట్టండి. ఆవిణ్ణి మాత్రం లేపకండి, పాప ఇప్పుడే కళ్ళు మూసింది. ఈలోగా కాస్త ఇటు రండి, వీడి కాళ్ళు పూడ్చడం నావల్ల కావట్లేదు. ఎంత పోసినా బయటికొచ్చేస్తున్నాయి."

ఆయన సంచి కింద పెట్టారు. ఖాళీగా ఉన్న తన కుర్చీ అంచున కూర్చుని బూట్ల తాళ్ళు విప్పారు. మేజోళ్ళు మడిచి బూట్లలో దోపారు. ప్యాంటు పైకి మడుచుకుని, నడుము పట్టుకుంటూ మోకాళ్ళ మీద వంగారు.

"పొడి ఇసుక నిలవదు రా. తడిది తే" అన్నారు పిల్లాడితో.

నేను అత్త కోసం చూశాను. కర్ర ఇసుకలో గుచ్చి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉంది. కోపం ఎప్పుడు వస్తుందా అని ఆ ముఖాన్నే చూస్తున్నాను. ఆమె నవ్వుతోంది. చప్పుడు లేకుండా, భుజాలు కదులుతుండగా, కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతోంది. "చూశావా" అంది నాతో. ఏం చూడాలో చెప్పలేదు. బాన్యో ఎవరికి వెళ్తుందో నాకప్పుడే తెలిసిపోయింది.

ఎవరిస్తో గారు ఆ ఏడు రెండు కుర్చీలూ ఆ తల్లీపిల్లలకు ఇచ్చి, తను బోర్లించిన బాల్చీ మీద కూర్చున్నారు. అందరితో మాట్లాడారు. ఆయన గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు.

అందరూ అలా సంతోషించారని కాదు. పండగ మర్నాడు సిన్యోరా ఎర్సీలియా నన్ను గదుల వెనక్కి పిలిచింది.

"ఇది పద్ధతేనా నివెస్? రేపు నాకు జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే, నా కుర్చీలోనూ ఎవత్తినో కూర్చోబెట్టేస్తారా? మా అత్తగారి కాలం నుంచి మేం ఇక్కడున్నాం. ఇలాగైతే ఓత్తావియో దగ్గరకు పోతాం."

"వెళ్ళచ్చు సిన్యోరా. అక్కడ మొదటి వరస దొరకాలంటే మీ మనవరాలి పెళ్ళి దాకా ఆగాలి, అంతే" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఏం ఒప్పుకోకుండానే వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఈ సంగతి అత్తతో చెప్పాలని, చూడు, నీ ముద్దుల మిర్నా వల్ల మొదటి వరస చెదిరిపోతోంది అని చెప్పాలని ఇంట్లోకి వెళ్ళాను. కిటికీ దగ్గర పీట మీద మిర్నా కూర్చుని ఉంది. అత్త వెనక నిలబడి, ఉప్పునీళ్ళకు చిక్కుపడ్డ ఆమె జుట్టు పాయలు పాయలుగా విడదీస్తోంది. పాట ఏదో సన్నగా పాడుతోంది. అత్త పాడగా నేనెప్పుడూ వినలేదు. వచ్చినదారినే వెనక్కి వెళ్ళిపోయాను.

సెప్టెంబరులో మొదటి తుఫాను వచ్చి గొడుగులు పీకేసే పని పెట్టింది. జనం వెళ్ళిపోయారు. అత్తా నేనూ గదుల ముందు నేల మీద గొడుగుల బట్టలు పరిచి, బ్రష్షులతో ఉప్పు కడుగుతున్నాం. మిర్నా ఊళ్ళోకి వెళ్ళింది, బూత్‌లో టోకెన్లు వేసి బొలోన్యాకు ఫోను చేసుకోవడానికి.

"మిర్నాని అడిగాను, వచ్చే ఏటి నుంచి చూసుకోమని" అంది అత్త.

నేను బ్రష్షు ఆపలేదు.

"వద్దంది. రెండో వేసవికల్లా విసుగొస్తుందట." అత్త నీళ్ళ బాల్చీ నా వైపు జరిపింది. "నువ్వు చూసుకో."

నా చేతి కింద ఆకుపచ్చ చార తెల్లగా నురగ కట్టింది. ఎప్పటి నుంచో నాకు కావలసిన మాట అది. అది నా దాకా వచ్చేసరికి, ఇంకొకరు నోట్లో పెట్టుకుని రుచి చూసి తీసేసినట్టుంది.

"ముందు నన్నెందుకు అడగలేదు అత్తా?"

అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వెక్కడికీ పోవుగా" అంది.

ఆలోచించుకుని చెప్తానన్నాను. ఆమెతో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. చేతులు తుడుచుకుని నీళ్ళ అంచునే నడవడం మొదలుపెట్టాను. ఓత్తావియో గారు తన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మీ అత్త ఆ బొలోన్యా పిల్లకు ఇచ్చేస్తోందట కదా, ఊరంతా అంటోంది, నీకు పని కావాలంటే నా దగ్గరకు రా అన్నారు. చూద్దాం అని ముందుకు వెళ్ళాను. హోటలు వాళ్ళు తలుపులకు చెక్కలు కొట్టేశారు. పిల్లల విడిది ముందు ఒక తెల్ల టోపీ ఇసుకలో సగం కూరుకుని ఉంది. నల్లరాళ్ళ మీద అలలు విరిగి పైదాకా ఎగురుతున్నాయి. ఏటి మొగ దగ్గర ఒక్క మనిషి లేడు. ఏరు కొండల్లోంచి తెచ్చిన ఎర్రమట్టి నీళ్ళు సముద్రంలో చాలా దూరం దాకా విడిగానే కనిపిస్తున్నాయి. ఆ వేసవి మొదలైన దగ్గర్నుంచీ సముద్రాన్ని అంతసేపు చూసింది అప్పుడే.

వద్దంటే అత్త ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఒక దుంగ మీద కూర్చుని ఆ ముఖాన్ని ఊహించుకున్నాను. చాలా బాగుంది. కానీ దాన్ని చూశాక నేనేం చెయ్యాలి? బస్సెక్కి మోంతెల్లాకు పోయి, మా అమ్మ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటూ, జూన్‌లో కిందికి వెళ్ళే బస్సు హారన్ విన్నప్పుడల్లా ఆ ఒడ్డు మీద ఎవరున్నారో అనుకోవాలి. మిర్నాకు విసుగు పుట్టించే ఇసుక అది. నాకు ఒక్కరోజు కూడా విసుగు రాలేదు.

చీకటి పడకముందే ఇంటికి చేరాను. అత్త చిక్కుళ్ళు వలుస్తోంది. మిర్నా బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"చూసుకుంటాను. కానీ గొడుగులు ఎవరికివ్వాలో, ఎవరు ఏ వరసో నేను చెప్తాను. నువ్వు చెప్పకూడదు" అన్నాను.

"నాకు పోయింది మోకాలే. నోరు కాదు" అంది అత్త.

నేను నిలబడే ఉన్నాను. ఆమె రెండు మూడు కాయలు వలిచి, తొక్కలు ఒళ్ళోంచి దులుపుకుని, సరే అంది. మిర్నా బల్ల మీద నుంచి దూకి నన్ను గట్టిగా కావలించుకుంది. ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. నన్ను చూసి ఆమె ఎన్నడూ కుళ్ళుకోలేదు. నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది అదే.

ఆ వారంలోనే నా బట్టలు, మంచం మోంతెల్లా నుంచి దింపించాను. చలికాలం కూడా ఇంక నేను అత్త ఇంట్లోనే. మిర్నా వెళ్ళే రోజు ముగ్గురం స్టేషనుకు నడిచాం. అత్త ఆమె చెయ్యే పట్టుకుంది. బండి వచ్చింది. మిర్నా ఎక్కి, కిటికీ దింపి, మోచేతులు ఆనించి బయటికి వంగింది.

"వచ్చే ఆగస్టులో నేను చుట్టంలా వస్తాను నివెస్. పని చెయ్యను. మొదటి వరసలో నాకో గొడుగు ఉంచు, ఎవరిస్తో గారి పక్కన."

అత్త నా వైపు చూసింది. ఆమె నోరు తెరవబోవడం, ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకోవడం రెండూ కనిపించాయి.

"మొదటి వరసలో ఖాళీ లేదు" అన్నాను.

"పోనీ రెండో వరస?"

"అదీ లేదు. మూడోది చూస్తాను."

మిర్నా పగలబడి నవ్వింది. "పెద్దమ్మా, విన్నావా? అచ్చం నీలాగే మాట్లాడుతోంది" అంటూ ఉండగానే బండి కదిలింది. ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. ప్లాట్‌ఫారం మీద ఎవరో తెలియని ముసలాయన కూడా ఆమెకు చెయ్యి ఊపాడు.

బండి మలుపు తిరిగాక అత్త, నిజంగానే ఖాళీ లేదా అని అడిగింది.

నిజంగానే లేదు. ఉన్నా నేను ఆ మాటే చెప్పేదాన్ని.